డౌన్‌టౌన్ బేస్‌బాల్ స్టేడియానికి ప్రజల డబ్బు: ముందు లీజు చూపించమనండి

మీరు అడిగిన దాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. మీరు మిస్సోరి రాష్ట్రంలో, కాన్సాస్ సిటీ శివారు లీస్ సమ్మిట్‌లో ఉంటున్నారు. కొత్తగా ఓటు హక్కు వచ్చింది. డౌన్‌టౌన్‌లో రాయల్స్ బేస్‌బాల్ జట్టుకు కొత్త స్టేడియం అన్నప్పుడు, పన్ను పెరగదని అంత స్పష్టంగా చెప్పినా 2024లో మీ జాక్సన్ కౌంటీ ఓటర్లు ఎందుకు తిరస్కరించారన్నది మొదటిది. స్టేడియం వస్తే వ్యాపారం, ఉద్యోగాలు వస్తాయి కదా అన్నది రెండోది. వస్తుందని నమ్మి ఆ పక్కన కాండో (సొంత ఫ్లాట్) కొనవచ్చా అన్నది మూడోది.

స్థానిక ప్రభుత్వాల బాండ్ల (మదుపరుల దగ్గర తీసుకునే అప్పుల) పత్రాలతో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని. అందువల్ల నా చూపు కొంచెం వంకర. స్టేడియం ప్రతిపాదన రాగానే అందరూ రంగురంగుల ఊహాచిత్రాలు చూస్తారు. వాటిలో సాయంకాలపు వెలుగు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, పార్కింగ్ కోసం తిరుగుతున్న కారు ఒక్కటీ కనిపించదు. నేను మాత్రం ఖర్చు అంచనా దాటితే ఎవరు కట్టాలో రాసిన పేజీ ఎక్కడుందని వెతుకుతాను. మీ కౌంటీ విషయంలో పోలింగ్ రోజుకు ఆ పేజీ తుది రూపంలో లేదు. మొదటి ప్రశ్నకు నా జవాబులో సగం ఇదే.

ఇప్పుడున్న కాఫ్‌మన్ స్టేడియం 1973లో మొదలైంది. పక్కనే చీఫ్స్ ఫుట్‌బాల్ జట్టు ఆడే ఆరోహెడ్ ఉంది, అది 1972 నాటిది. రెండూ డౌన్‌టౌన్‌కు దూరంగా, పెద్ద పార్కింగ్ మైదానం మధ్యలో ఉంటాయి. రెండూ కౌంటీ ఆస్తులే, జట్లు లీజుకు ఉంటున్నాయి. ఆ లీజులు 2031 జనవరితో ముగుస్తాయి. 2006లో ఓటర్లు ఆమోదించిన అమ్మకపు పన్నుతో రెండింటినీ బాగుచేశారు. ఆ పన్ను డాలరుకు సెంటులో ఎనిమిదింట మూడు వంతులు, అంటే వంద డాలర్లకు 37 సెంట్ల పైచిలుకు. మిస్సోరిలో ఆహార సరుకుల మీద రాష్ట్రం తన పన్ను తగ్గించుకుంది గానీ, స్థానిక పన్నులు పూర్తిగా పడతాయి. కాబట్టి మీ కౌంటీలో బియ్యం, కందిపప్పు కొన్నా ఇది కట్టాల్సిందే. ఏడాదికి 20,000 డాలర్ల సరుకులు కొనే ఇంటికి 75 డాలర్లవుతుంది.

2024 ఏప్రిల్ 2న అడిగింది ఏమిటంటే, ఆ పాత పన్ను రద్దు చేసి అదే రేటుతో 40 ఏళ్లకు కొత్త పన్ను వేద్దామా అని. రేటు మారదు కాబట్టి ప్రచారంలో ‘పన్ను పెరగదు’ అన్నారు. అబద్ధం కాదు. అయితే నెలవాయిదా పెంచకుండా అప్పు గడువును ఇంకో 33 ఏళ్లు పొడిగించే బ్యాంకు కూడా అదే మాట అంటుంది. 2031లో ముగిసేది 2064 దాకా సాగుతుంది. ఏడాదికి 5 కోట్ల డాలర్లకు పైగా వచ్చే పన్ను ఇది. నలభై ఏళ్లకు 200 కోట్ల డాలర్లు దాటుతుంది.

ఇంత అడిగేటప్పుడు అవతలి పక్షం ఏమిచ్చింది? తాము కూడా వంద కోట్ల డాలర్లకు పైగా పెడతామని రాయల్స్ యజమానులు చెప్పారు. స్థలం మాత్రం ఫిబ్రవరి 13న ప్రకటించారు, పోలింగ్‌కు ఏడు వారాల ముందు. అంతకుముందు ఈస్ట్ విలేజ్ అన్నారు, నది అవతల నార్త్ కాన్సాస్ సిటీ పేరు కూడా వినిపించింది, చివరికి క్రాస్‌రోడ్స్ అన్నారు. కాన్సాస్ సిటీ స్టార్ పత్రిక ఒకప్పుడు తన ప్రతులు అచ్చువేసుకున్న పెద్ద గాజు భవనం ఉన్న చోటు అది. ఆ భవనం అప్పటికి ఖాళీగా ఉంది, కూలిస్తే ఎవరూ పెద్దగా ఏడవరు. కానీ చుట్టూ ఉన్న వీధులు ఖాళీగా లేవు. నెలనెలా మొదటి శుక్రవారం సాయంత్రం చిత్రశాలలు తెరిచి ఉంచి జనాన్ని రప్పించే పేట అది. చిన్న హోటళ్లు, బార్లు, స్టూడియోలు సొంత కాళ్ల మీద నిలబడ్డ పేట. డౌన్‌టౌన్‌కు ప్రాణం పోస్తామని చెప్పి, డౌన్‌టౌన్‌లో అప్పటికే ప్రాణం ఉన్న చోటును ఎంచుకున్నారు. ఓక్ వీధిని మూసేస్తామని మొదట అన్నారు, పోలింగ్ దగ్గరపడ్డాక మూయబోమన్నారు. తుది లీజు మీద సంతకాలు కాలేదు. ఆ స్థితిలో ఓటు వేయమన్నారు.

దాదాపు 58 శాతం మంది వద్దన్నారు. కారణాలు రకరకాలు. ఇంటి అద్దెల గురించి పోరాడే సంఘాలకు ఒకటి, క్రాస్‌రోడ్స్ వ్యాపారులకు మరొకటి, పాత స్టేడియంలోని ఫౌంటెన్లంటే ప్రాణమిచ్చే అభిమానులకు ఇంకొకటి. ఆ ప్రతిపాదనను గట్టిగా వ్యతిరేకించిన అప్పటి కౌంటీ ఎగ్జిక్యూటివ్ (కౌంటీ ప్రభుత్వాధిపతి) ఫ్రాంక్ వైట్ సామాన్యుడు కాదు, రాయల్స్ తరఫున 1985 వరల్డ్ సిరీస్ గెలిచిన రెండో బేస్ ఆటగాడు. కుర్రతనంలో అదే కాఫ్‌మన్ స్టేడియం కట్టే కూలీల్లో ఒకడిగా పనిచేశాడు. అలాంటి మనిషి కౌంటీ లెజిస్లేచర్ తీర్మానాన్ని వీటో చేశాడు, లెజిస్లేచర్ దాన్ని తోసిపుచ్చి విషయాన్ని బ్యాలెట్‌కు పంపింది. (2025లో ఓటర్లు ఆయన్నే పదవి నుంచి దింపేశారు. దానికి ప్రధాన కారణం ఇళ్ల విలువల మదింపు మీద వచ్చిన ఆగ్రహం. రాజకీయాల్లో లెక్కలు ఒకదానికొకటి కలవవు.)

ఇక రెండో ప్రశ్న. మ్యాచ్ రోజు సాయంత్రం స్టేడియం చుట్టూ హోటళ్లు కిటకిటలాడటం నిజం, కళ్లతో చూస్తాం. చూడనిది ఏమిటంటే, అదే సాయంత్రం లీస్ సమ్మిట్‌లోనో ఇండిపెండెన్స్‌లోనో ఖాళీగా ఉన్న టేబుళ్లు. నలుగురున్న కుటుంబం టికెట్లకు, తిండికి, పార్కింగ్‌కు పెట్టే డబ్బు ఎక్కడినుంచో ఊడిపడదు. సినిమాకో, బౌలింగ్‌కో, ఇంకో రెస్టారెంట్‌కో వెళ్లాల్సింది ఇటు వస్తుంది. కౌంటీ మొత్తానికి లెక్క చూస్తే చోటు మారిందే గాని పెరిగింది కొంచెమే. పైగా బేస్‌బాల్ జట్టుకు సీజన్‌లో సొంతగడ్డ మీద 81 మ్యాచ్‌లుంటాయి. మిగతా రోజుల్లో కచేరీలు పెట్టినా అక్కడ ఎక్కువ కాలం చీకటే. స్టేడియంలో వచ్చే ఉద్యోగాల్లో అధికభాగం టికెట్లు చింపేవి, హాట్‌డాగ్‌లు అమ్మేవి. అవి సీజన్‌వరకే. ముప్పై ఏళ్లకు పైగా ఆర్థికవేత్తలు ఈ ప్రశ్నను అన్ని వైపుల నుంచీ తవ్వారు. సాధారణంగా ఏ విషయం మీదా ఏకాభిప్రాయానికి రానివారు ఈ ఒక్క విషయంలో దాదాపు ఒకే మాట అన్నారు. షికాగో విశ్వవిద్యాలయం 2017లో ప్రముఖ ఆర్థికవేత్తలను అడిగితే, స్టేడియం సబ్సిడీల వల్ల ప్రజలకయ్యే ఖర్చే లాభం కంటే ఎక్కువని 80 శాతానికి పైగా ఒప్పుకున్నారు.

అవతలి వాదనలో నిజం లేదని కాదు. కాన్సాస్ సిటీ నగరం తన పరిధిలో సంపాదించే ప్రతివారి నుంచీ ఒక శాతం ఆదాయపు పన్ను తీసుకుంటుంది. పక్క రాష్ట్రం కాన్సాస్‌లోని ఓవర్‌లాండ్ పార్క్‌లో ఇల్లు కొనుక్కుని, రాష్ట్ర సరిహద్దు దాటి ఇటు ఆఫీసుకు వచ్చే మన సాఫ్ట్‌వేర్ వాళ్లు జీతం చీటీలో ఈ కోత చూసి విసుక్కుంటూనే ఉంటారు. కోట్లు గడించే ఆటగాళ్లకూ, వచ్చి ఆడిపోయే ప్రత్యర్థులకూ అదే పన్ను. జట్టు ఊరొదిలితే ఆ రాబడి పోతుంది. ఇది అసలైన డబ్బు, ఎవరి టేబుల్ నుంచీ లాగింది కాదు. కాకపోతే ఏటా 5 కోట్లు ఇవ్వడానికి అదొక్కటే చాలదు.

డౌన్‌టౌన్ స్టేడియం పనిచేసిన ఉదాహరణ అడిగితే అందరూ శాన్ డియేగో పేరు చెబుతారు, నేనూ చెబుతాను. 1998 నవంబరులో ఓటర్లు ఒప్పుకున్నారు, కోర్టు కేసులతో పని మధ్యలో ఏడాదికి పైగా ఆగింది, 2004లో పెట్కో పార్క్ తెరిచారు. సుమారు 45 కోట్ల డాలర్ల ఖర్చులో మూడింట రెండు వంతులు ప్రజల సొమ్మే. అప్పట్లో ఆ ప్రాంతంలో గోదాములు, ఖాళీ స్థలాలు ఎక్కువ. 1909 నాటి వెస్టర్న్ మెటల్ సప్లై కంపెనీ ఇటుక భవనాన్ని కూల్చకుండా స్టేడియంలో కలుపుకున్నారు. ఆ భవనం మూలే ఎడమవైపు ఫౌల్ గీతకు హద్దు. పసుపు రంగు వేసిన ఆ అంచుకు బంతి తగిలితే హోమ్ రన్. చూడటానికి ముచ్చటైన సంగతే గానీ నన్ను ఆకట్టుకున్నది అది కాదు, ఒప్పందంలోని షరతులు. నిర్మాణ ఖర్చు పెరిగితే జట్టు భరించాలి. చుట్టూ హోటళ్లు, భవనాలు కట్టే బాధ్యతను జట్టు యజమాని తరఫు సంస్థ ఒప్పంద రూపంలో నెత్తికెత్తుకోవాలి. హోటల్ గదుల మీద పన్నుతో బాండ్లు తీర్చాలన్నది ఆలోచన కాబట్టి, ఆ గదులు కట్టడం ఊహాచిత్రంలో కాకుండా కాగితం మీద ఉండాలి. ఉంది. అయినా అక్కడ వచ్చిన మార్పంతా స్టేడియం గొప్పతనమేనని నేననను. అవి అమెరికా అంతటా కాండోలు విపరీతంగా లేచిన రోజులు. ఆ ఊపు కూడా కలిసొచ్చింది.

మయామి దీనికి పూర్తిగా అవతలి కొస. అక్కడి మార్లిన్స్ బేస్‌బాల్ జట్టు స్టేడియం 2012లో లిటిల్ హవానా పేటలో తెరిచారు. ఖర్చులో నాలుగింట మూడు వంతులకు పైగా నగరం, కౌంటీ పెట్టాయి. ఓటర్లను అడగలేదు. కౌంటీ తీసుకున్న అప్పుల్లో ఒకటి 9.1 కోట్ల డాలర్లది. మొదటి ఏళ్లలో ఏమీ కట్టకుండా వడ్డీ మీద వడ్డీ పేరుకునే రకం బాండ్లవి. 2048 నాటికి అది దాదాపు 120 కోట్లు అవుతుంది. ఇలాంటి బాండు మీద సంతకం పెట్టేవాడికి ఆ బిల్లు వచ్చేసరికి తాను పదవిలో ఉండనని తెలుసు. అక్కడి మేయరును 2011లో జనం ఓటు వేసి దించారు, కారణాల్లో స్టేడియం కూడా ఒకటి. జట్టును 2002లో 15.8 కోట్లకు కొన్న యజమాని 2017లో 120 కోట్లకు అమ్ముకున్నాడు. అమ్మితే లాభంలో 5 శాతం ప్రభుత్వానికి అని ఒప్పందంలో ఉంది. తీరా చూస్తే, ఒప్పందంలోని మినహాయింపులన్నీ తీసేశాక లాభమే లేదన్నారు. కోర్టుకెక్కి, చివరికి 2021లో 42 లక్షల డాలర్లకు రాజీ పడ్డారు. ‘లాభం’ అన్న మాటను ఒప్పందంలో ఎలా నిర్వచించారో చదవకపోతే జరిగేది ఇది.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే జట్లు అద్దె ఎందుకింత తక్కువ కడతాయని చాలామంది అడుగుతారు. స్థానిక ప్రభుత్వాల బాండ్ల మీద వడ్డీకి ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు, అందుకే అవి చౌక. ప్రైవేటు స్టేడియాలకు ఈ చౌక అప్పు దొరకకూడదని 1986లో అమెరికా కాంగ్రెస్ పన్ను చట్టం మార్చింది. ప్రైవేటు సంస్థ వాడే కట్టడానికి బాండ్లు తీసుకుంటే, వాటి వాయిదాల్లో 10 శాతానికి మించి ఆ కట్టడం నుంచి వచ్చే ప్రైవేటు డబ్బుతో తీర్చకూడదు, తీరిస్తే పన్ను మినహాయింపు పోతుంది. ఉద్దేశం మంచిదే. ఫలితం తలకిందులైంది. మినహాయింపు నిలబెట్టుకోవడానికి నగరాలు జట్టు దగ్గర అద్దె తగ్గించుకుని, అప్పంతా సాధారణ పన్నుల మీద వేయడం మొదలుపెట్టాయి. సబ్సిడీని ఆపడానికి రాసిన నియమం సబ్సిడీని పెంచింది. దీన్ని మార్చాలని బిల్లులు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. ఇంకొకటి, కౌంటీ ఆస్తి కాబట్టి స్టేడియానికి ఆస్తి పన్ను ఉండదు. అంటే ఆ స్థలం నుంచి బడులకు రావాల్సిన వాటా కూడా రాదు. ఖర్చుల పట్టికలో ఈ గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

భారం ఎవరిదన్నది ముందే గట్టిగా రాసుకుంటే ఏమవుతుందో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ చూపించింది. 2024 జులైలో టాంపా బే రేస్ జట్టుకు 130 కోట్ల డాలర్ల స్టేడియాన్ని నగరం, కౌంటీ ఆమోదించాయి. ప్రభుత్వాల వాటా సుమారు 60 కోట్లు, అంచనా మించితే జట్టుదే బాధ్యత. అక్టోబరులో మిల్టన్ తుపాను పాత స్టేడియం పైకప్పును చింపేసింది. కౌంటీ బాండ్ల ఓటింగ్ ఆలస్యమైంది, ఖర్చు పెరిగిందని జట్టు అంది. 2025 మార్చిలో జట్టు తప్పుకుంది. ఒప్పందం కూలింది కాబట్టి వైఫల్యమని పత్రికలు రాశాయి. నేను అలా చూడను. పెరిగిన ఖర్చు జట్టు నెత్తిన పడేలా ఉంది కాబట్టే జట్టు వెనక్కి తగ్గింది. ఆ షరతు లేకుంటే స్టేడియం కట్టేవారు, పెరిగిన బిల్లు అక్కడివారి ఇళ్లకు చేరేది.

మీ ప్రాంతంలోనే రెండు వైపులా రెండు నమూనాలున్నాయి, శాన్ డియేగో దాకా పోనక్కర్లేదు. డౌన్‌టౌన్‌లోని పవర్ అండ్ లైట్ వినోద కేంద్రానికి కాన్సాస్ సిటీ నగరం బాండ్లతో పెట్టుబడి పెట్టింది. అక్కడి పన్నుల రాబడితోనే అప్పు తీరుతుందన్నారు. తీరలేదు. లోటు పూడ్చడానికి నగరం చాలా ఏళ్లపాటు ఏటా కోటి డాలర్లకు పైగా తన ఖజానా నుంచి కట్టింది. సరిహద్దు దాటి ఓవర్‌లాండ్ పార్క్‌లో ప్రెయిరీఫైర్ ఉంది. పిల్లలను డైనోసార్లు చూపించడానికి మన వాళ్లు చాలామంది తీసుకెళ్లే మ్యూజియం అక్కడే. అది కాన్సాస్ రాష్ట్రపు స్టార్ బాండ్లతో కట్టింది. కొత్త ఆకర్షణ చుట్టూ అమ్మకాలు పెరిగితే ఆ పెరిగిన అమ్మకపు పన్నుతోనే బాండ్లు తీర్చే పద్ధతి అది. అమ్మకాలు చాలలేదు, 2023 చివర్లో బాండ్లు ఎగవేతకు గురయ్యాయి. నష్టపోయింది బాండ్లు కొన్న మదుపరులు. నగర ఖజానాకు ఆ అప్పుతో సంబంధం లేదు. రెండు చోట్లా అంచనా తప్పింది, కానీ ఒకచోట బిల్లు పన్ను కట్టేవారికి వచ్చింది, ఇంకోచోట రాలేదు. తేడా అంతా సంతకాలు పెట్టిన రోజే నిర్ణయమైంది.

అలాగని స్టార్ బాండ్లు అమృతం కాదు. 2021లో కాన్సాస్ శాసనసభ ఆడిట్ విభాగం పరిశీలించిన 16 ఆకర్షణల్లో పర్యాటక లక్ష్యాలు అందుకున్నవి మూడే. అయినా మీ ఓటర్లు వద్దన్న రెండు నెలలకే కాన్సాస్ అదే పద్ధతిలో స్టేడియం ఖర్చులో 70 శాతం దాకా ఇస్తామని చట్టం చేసింది. ఏడాది తర్వాత మిస్సోరి 50 శాతం దాకా అంటూ బదులిచ్చింది. 2025 డిసెంబరులో చీఫ్స్ జట్టు కాన్సాస్‌వైపు వయాన్‌డాట్ కౌంటీకి వెళ్తున్నట్టు ప్రకటించింది. 300 కోట్ల డాలర్ల స్టేడియం, అందులో సుమారు 60 శాతం ప్రజల వాటా, 2031 సీజన్‌కు సిద్ధం కావాలి. ఒకే మహానగరంలోని రెండు సగాలు ఒకే జట్టు కోసం వేలం పాడుకున్నాయి. అరగంట దూరం జరగడానికి ఇంత డబ్బా అని మీకు అనిపిస్తే, నాకూ అనిపిస్తుంది. జట్ల బేరమాడే శక్తి అంతా ఈ పోటీలోనే ఉంది. ఎన్ని జట్లు ఉండాలో లీగే నిర్ణయిస్తుంది కాబట్టి, అడిగే నగరాల కంటే జట్లు ఎప్పుడూ తక్కువే.

ఆట పోయాక స్టేడియం ఏమవుతుందన్నది కూడా అడగాల్సిన మాటే. డాలస్ దగ్గరి గ్రాండ్ ప్రెయిరీలో 2008లో చిన్న లీగ్ బేస్‌బాల్ కోసం నగరం కట్టిన స్టేడియం ఉంది. జట్టు నిలవలేదు. ఇప్పుడది క్రికెట్ మైదానం. 2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ను ఓడించింది అక్కడే. డాలస్ తెలుగువాళ్లకు అది బాగా తెలిసిన చోటు. అంత అదృష్టం 35,000 సీట్ల డౌన్‌టౌన్ స్టేడియానికి పట్టదు, అంత పెద్దదాన్ని ఇంకో ఆటకు మార్చడం తేలిక కాదు.

కాబట్టి ప్రతిపాదన మళ్లీ మీ ముందుకు ఏ రూపంలో వచ్చినా, ప్రచారపు కరపత్రం కాకుండా లీజు ముసాయిదా అడగండి. అది పోలింగ్‌కు ముందు బయటపెట్టకపోతే, నా మట్టుకు నాకు వద్దనడానికి అదొక్కటే చాలు. బయటపెడితే మూడు చోట్ల ఆగి చదవండి. ఖర్చు దాటితే ఎవరిది, ఇరవయ్యో ఏట పైకప్పు గానీ ఎలివేటర్లు గానీ మార్చాల్సి వస్తే ఎవరిది, గడువుకు ముందే జట్టు వెళ్లిపోతే మిగిలిన అప్పు మొత్తం కడుతుందా లేక నామమాత్రపు జరిమానాతో బయటపడుతుందా. మరమ్మతుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ‘ప్రథమ శ్రేణి స్టేడియంగా ఉంచాలి’ అన్న ఒక్క వాక్యం లీజులో దూరితే, పక్క ఊళ్లో కొత్త స్కోర్‌బోర్డు వచ్చినప్పుడల్లా మీ కౌంటీ కూడా కొనాల్సి రావచ్చు.

ఆ మూడు భారాలూ జట్టు మీదే ఉండి, మీరు ఆటంటే ఇష్టపడేవారైతే, నిశ్చింతగా అవునని ఓటు వేయండి. పార్కుకూ గ్రంథాలయానికీ లాభం చూసి డబ్బివ్వం కదా, ఊరికి ఒక జట్టు ఉండటం కూడా అలాంటి సంతోషమే. ఏడాదికి 75 డాలర్లకు ఆ సంతోషం వస్తుందనుకుంటే తప్పేమీ లేదు. అభివృద్ధి, ఉద్యోగాలు అన్న పేరుతో మాత్రం వేయకండి.

కాండో సంగతి. స్టేడియం వార్త ఒక్కదాన్ని నమ్మి కొనకండి. ఈస్ట్ విలేజ్ అన్న రోజుల్లో అక్కడ కొన్నవాడూ, క్రాస్‌రోడ్స్ అన్న ఏడు వారాల్లో అక్కడ కొన్నవాడూ స్టేడియం లేకుండానే మిగిలారు. స్టేడియం నిజంగా వచ్చినా, వార్త బయటికి రాగానే అమ్మేవాడు ధరలో ఆ పెరుగుదల కలిపేసుకుంటాడు, మీకు మిగిలేది మ్యాచ్ రోజుల ట్రాఫిక్. మీ ఆఫీసు డౌన్‌టౌన్‌లోనే కాబట్టి నడిచి వెళ్లగలిగే దూరంలో, స్టేడియం ఊసే లేకపోయినా ఇంతకు కొంటాను అనిపించే ధరకు దొరికితే తీసుకోండి. కొనే ముందు ఆ భవనం సంఘం నెలసరి రుసుము ఎంతో, గత కొన్నేళ్లలో ఎన్నిసార్లు పెంచారో అడగడం మరచిపోకండి.